వలదు కాదు

నెల్లూరు జిల్లాలోని మా పల్లె నుంచి బి.ఫార్మసీ పట్టాతో చెన్నై వచ్చి, షోలింగనల్లూరులో, అమెరికా రోగుల చికిత్స రికార్డులు (చార్టులు) చదివి జబ్బులకు కోడ్‌లు వేసే ఒక మెడికల్ కోడింగ్ కార్యాలయంలో శిక్షణకు చేరిన రెండో వారంలో, నాకు పని నేర్పుతున్న తమిళ సీనియర్ నా కంప్యూటర్ మీది చార్టును వేలితో చూపి "తంబీ, ఇదు వలదు కాదు" అన్నారు. తెలుగువాడికి ఆ రెండు మాటలూ నిషేధాలే కనుక, నేను వేసిన కోడ్ తప్పని అనుకుని, కుడి చెవికి చెందిన టి16.1ని తీసేసి ఎడమ చెవికి చెందిన టి16.2ని వేశాను. ఆమె చెప్పింది "ఇది కుడి చెవి" అని. తమిళంలో వలదు అంటే కుడి, కాదు అంటే చెవి.

సరిగ్గా ఉన్నదాన్ని చేతులారా చెరిపానని తెలిసి చాలా బాధపడ్డాను. ఆ రాత్రి ఫోన్‌లో ఈ సంగతి విన్న తాతయ్య, "నాగలికి కుడివైపు కట్టేదాన్ని మనం వలపటి ఎద్దు అనమూ?" అని అడిగారు. దాపటి ఎద్దు, వలపటి ఎద్దు అనే మాటలు పుట్టినప్పటి నుంచీ వింటున్నా, ఆ మాట నాకు ఆ క్షణం వరకు తోచలేదు.

అమెరికాలో 2015 అక్టోబరు 1న ఐసీడీ-10-సీఎం అనే జబ్బుల కోడ్‌ల జాబితా అమలులోకి రాకముందు, చెవిలో ఇరుక్కున్న బయటి వస్తువుకు (ఫారిన్ బాడీకి), అది ఏ చెవైనా సరే, 931 అనే ఒకే కోడ్ ఉండేది. ఇప్పుడు ఏ చెవో చెప్పాలి. ఏడో స్థానంలో ఒక అక్షరం కూడా రావాలి కనుక, మధ్యలో ఖాళీగా ఉన్న రెండు స్థానాలను ఎక్స్‌లతో నింపి, కుడి చెవికైతే టి16.1ఎక్స్‌ఎక్స్‌ఎ అని రాస్తాము. చివరి 'ఎ'ను కొత్తవాళ్లు మొదటిసారి ఆసుపత్రికి రావడమని అనుకుంటారు. అది నిజానికి చికిత్స ఇంకా జరుగుతూ ఉండటాన్ని తెలుపుతుంది. ఒక డాక్టరు తీయలేక ఈఎన్‌టీ నిపుణుడి దగ్గరికి పంపితే, అక్కడ వస్తువును తీసిన రోజుకూ 'ఎ'నే వేయాలి. తీసేశాక పుండు మానిందో లేదో చూపించుకోవడానికి వస్తే 'డి' వేయాలి. గులిమి గట్టిపడితే రెండు చెవులకూ కలిపి హెచ్61.23 ఉంది గాని, టి16లో అలాంటిది లేదు. రెండు చెవుల్లోనూ పూసలు దూర్చుకున్న పిల్లవాడికి రెండు కోడ్‌లూ విడివిడిగా వేయాల్సిందే.

చార్టులు చదువుతుంటే మా ఊరే గుర్తుకు వచ్చేది. చెవిలో పురుగు దూరితే మా నాయనమ్మ నూనె చుక్కలు వేసేది; కర్ణభేరికి చిల్లు లేదని తెలిస్తే డాక్టర్లూ ముందు నూనెతోనో మత్తుమందుతోనో పురుగును చంపి, ఆ తరువాతే బయటికి తీస్తారు. శనగ గింజ వంటిదైతే నీళ్లు కొట్టరు, తడికి ఉబ్బి మరింత బిగుసుకుంటుంది. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది బటన్ బ్యాటరీ. అది కొన్ని గంటల్లోనే లోపలి చర్మాన్ని కాల్చేస్తుంది, చుక్కల మందు వేస్తే ఇంకా ప్రమాదం. చెవిలో చేరిన వస్తువు ఏదో తెలిపేందుకు 2023 అక్టోబరు నుంచి డబ్ల్యూ44 అనే కొత్త విభాగం వచ్చింది, అందులో బటన్ బ్యాటరీకి ప్రత్యేకంగా చోటు ఇచ్చారు. చాలా అవసరమైన మార్పు అది.

శిక్షణ ముగిసిన కొన్ని నెలలకు అలాంటి చార్టే ఒకటి నాకు వచ్చింది. మూడేళ్ల పాప, పరీక్ష వివరాల్లో కుడి చెవి అని, బ్యాటరీ తీసిన విధానం రాసిన చోట ఎడమ చెవి అని ఉంది. రోజుకు ఇన్ని చార్టులని లెక్క ఉంటుంది, సాయంత్రం కావస్తోంది, పక్క సీటు అతను తీసిన చోట రాసిందే వేసెయ్యమన్నాడు. ఏ చెవో చెప్పని టి16.9 వేసి పంపితే బీమా సంస్థ వెనక్కి కొట్టవచ్చు; అంతకన్నా, రేపు ఆ పాపకు వినికిడి తగ్గితే చూసే డాక్టరుకు ఈ రికార్డే ఆధారం కావచ్చు. సీనియర్ అక్కను అడిగాను. ఊహించకుండా డాక్టరుకే ప్రశ్న పంపమన్నారు.

ప్రశ్న రాసి, చార్టును పక్కన పెట్టి, నా లెక్క ఒకటి తగ్గిందని నమోదు చేసి ఇంటికి వెళ్లాను. మనకు రాత్రి అయినప్పుడు అమెరికాలో పగలు కనుక, మరునాడు పొద్దున నేను సీటులో కూర్చునేసరికి జవాబు వచ్చి ఉంది. బ్యాటరీ ఎడమ చెవిలోదేనట, పరీక్ష వివరాలను డాక్టరు సరిదిద్దారు. టి16.2 వేసి అక్కకు చూపించాను. ఆమె రెండు చోట్లా చదివి, "ఇడదు కాదు, సరి" అన్నారు.