హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటుందిలెండి

పదకొండు దాటింది, అందరూ పడుకున్నారు, నాకు మాత్రం ఒక్క మాట చెవిలో తిరుగుతూనే ఉంది. కింది ఫ్లాట్ మామి సాయంత్రం మెట్ల దగ్గర ఈయన్ని ఆపి, మీ ఇంట్లో రాత్రిపూట ఏమైనా మోటర్ నడుస్తుందా, మా వంటింట్లో గిన్నెలు అదురుతున్నాయి అని అడిగారట. ఈయన వెంటనే, అయ్యో సారీ మామీ, అది మా ఆవిడ ఆర్గన్, ఇకమీదట హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటుందిలెండి అని చెప్పేసి పైకి వచ్చారు. చెప్పులు విడుస్తూ నాకు ఆ సంగతి ఎలా చెప్పారంటే, రేపట్నుంచి పాల పాకెట్ ఒకటి తగ్గించమన్నాను అన్నట్టు చెప్పారు.

నా కోపం మామి మీద కాదు. ఆవిడ గిన్నెలు అదిరితే ఆవిడ కాక ఎవరు అడుగుతారు, పైగా మర్యాదగానే అడిగారు. నా కోపమంతా ఆ "పెట్టుకుంటుందిలెండి" మీదే. వాయించేది నేను, పిక్కలు పట్టేసేది నాకు, కార్పెంటర్‌కి నా అరకొర తమిళంలో బొమ్మలు గీసి మరీ చెప్పి కాళ్ళతో వాయించే ఆ పెడల్‌బోర్డ్ చేయించుకున్నది నేను, ఒక్కో పెడల్ కింద అయస్కాంతం అంటించి, అది దగ్గరకొస్తే కలిసే రీడ్ స్విచ్ బిగించుకున్నది నేను, తీరా నేనెలా వాయించాలన్నది మెట్ల మీద ఇద్దరూ నిలబడి తేల్చేశారు. నన్నొక మాట అడగొచ్చు కదండీ అంటే, "దానికేముంది, హెడ్‌ఫోన్స్‌లో అయితే ఇంకా క్లియర్‌గా వినిపిస్తుంది కదా" అన్నారు. అక్కడ మండింది నాకు.

ఈ బిల్డింగ్‌లో శబ్దం చెయ్యనిది ఎవరు చెప్పండి. పై ఫ్లాట్ అబ్బాయి మృదంగం, మార్గళి దగ్గరపడే కొద్దీ పొద్దున్నా సాయంత్రం కూడా, నాకు ఇష్టమే, పిల్లాడు బాగా వాయిస్తాడు. ఎదురింట్లో వుడ్‌వర్క్ మొదలై ఎంతకాలమైందో, ఆ డ్రిల్లింగ్ మిషన్ మధ్యాహ్నం నిద్రని చంపేస్తోంది, తెల్లారకుండానే ఎవరో ఒకరి ఫోన్లో సుప్రభాతం. వీటిలో ఏ ఒక్కదానికీ మా ఇంట్లోంచి ఎవరూ వెళ్ళి అడగలేదు, అడగకూడదనే నా ఉద్దేశం, అపార్ట్‌మెంట్ అన్నాక పక్కవాళ్ళ బతుకు మన గోడలోంచి వినిపిస్తుంది. కానీ నా వంతు వచ్చేసరికి అది సంగీతం అని కూడా ఈయన చెప్పలేదు చూశారా, సారీ చెప్పారు. ఆ సారీయే నాకు మింగుడు పడట్లేదు.

క్లియర్‌గా వినిపిస్తుందట. హెడ్‌ఫోన్స్‌లో టిబియా స్టాప్, అంటే వేణువులాంటి మెత్తటి గొంతున్న పైపుల వరస, వేసి ట్రెములెంట్ ఆన్ చేస్తే ఏమవుతుందో ఈయనకి తెలుసా? ట్రెములెంట్ అంటే నిజం ఆర్గన్‌లో పైపులకి వెళ్ళే గాలినే కుదిపే మిషన్, ఆ కుదుపుకి హాలు మొత్తం ఊగినట్టు ఉంటుంది, అదే థియేటర్ ఆర్గన్‌కి ప్రాణం. హెడ్‌ఫోన్స్‌లో ఆ ఊపు రెండు చెవుల మధ్య ఇరుక్కుపోతుంది, పావుగంటకి తల తిరుగుతుంది. నా ఆర్గన్ పలికేది లాప్‌టాప్‌లోంచే, అందులో ఉన్న శాంపిల్స్ డ్రై శాంపిల్స్, అంటే పైపు దగ్గర మైకు పెట్టి ఒక్కో పైపునీ విడివిడిగా రికార్డ్ చేసినవి, హాలు గుంగుం అందులో ఉండదు. ఆ గుంగుం మన గది ఇవ్వాలి, గోడలు ఇవ్వాలి. స్పీకర్ తీసేస్తే మిగిలేది సగం వాయిద్యమే.

అసలు ఇది తయారైందే పది మంది కూర్చున్న చోటు కోసం. రాబర్ట్ హోప్-జోన్స్ అని ఇంగ్లండ్‌లో టెలిఫోన్ కంపెనీ ఇంజినీరు, ఆ కరెంటు తీగల తెలివే ఆర్గన్‌కి తెచ్చి పెట్టాడు, ఒకే వరస పైపుల్ని పదహారు అడుగుల శృతిలో, అంటే బాగా కింది స్థాయిలో, ఎనిమిదిలో, నాలుగులో ఎక్కడ కావాలంటే అక్కడ పలికించేలా చేశాడు, 1910లో అమెరికాలో వాయిద్యాలు చేసే వుర్లిట్జర్ కంపెనీలో చేరాడు. మూకీలు ఆడే హాల్లో ఒక్క మనిషి మొత్తం ఆర్కెస్ట్రా పని చెయ్యాలి కదా, అందుకే గుర్రపు డెక్కలు, రైలు కూత, పిట్ట కూత, డోర్ బెల్, అన్నీ అందులోనే. పైపులన్నీ పక్కన గదుల్లో పెట్టి, ముందు చెక్క షట్టర్లు బిగించి, కాలితో ఆ షట్టర్లు తెరుస్తూ మూస్తూ సౌండ్ పెంచుతారు, తగ్గిస్తారు. ఇంగ్లండ్‌లో బ్లాక్‌పూల్ టవర్ బాల్‌రూమ్‌లో రెజినాల్డ్ డిక్సన్ అనే ఆర్గనిస్టు 1930లో చేరి 1970లో రిటైరయ్యేదాకా జనాన్ని డాన్సులు చేయించాడు. అంతమంది కాళ్ళు కదిపిన వాయిద్యాన్ని నేనొక్కదాన్నే చెవిలో పెట్టుకుని వినాలా?

పెదనాన్న గుర్తొస్తున్నారు. ఆయన గురించి ముక్కలు ముక్కలుగా రాస్తూనే ఉంటాను, ఈ సంగతి మాత్రం ఎప్పుడూ రాయలేదనుకుంటా. గూడూరు చుట్టుపక్కల తిరునాళ్ళకి పద్యనాటకాలు ఆడేవాళ్ళు, కరపత్రంలో పాత్రల పేర్ల కింద "హార్మోనీ" అని ఆయన పేరు విడిగా వేసేవాళ్ళు. కాళ్ళ హార్మోనీ ఆయనది, స్టేజి పక్కన ముందుకి జరిపి వేసుకునేవారు, నేను ఆ పెట్టె పక్కన చాప మీద కూర్చుని ఎప్పుడూ ఆయన పాదాలే చూసేదాన్ని. ఎడం పెడల్ కింద గుడ్డ చిరిగితే గోనెపట్టా ముక్క వేసి కుట్టారు, అప్పట్నుంచి తొక్కినప్పుడల్లా కిర్రుమనేది. నూనె వెయ్యొచ్చుగా పెదనాన్నా అంటే, వద్దులేమ్మా, ఆ కిర్రు ఆగితే నాకు లయ తెలీదు అనేవారు. నిజంగానే ఆ కిర్రు సరిగ్గా తాళం మీద పడేది, నేను వేళ్ళ మీద లెక్కపెట్టి చూసేదాన్ని.

ఒక రాత్రి కృష్ణుడి వేషం వెయ్యాల్సిన ఆయన బస్సు దొరక్క రాలేదు. తెర ఎత్తే టైమైపోయింది, జనం ఈలలు మొదలెట్టారు, కమిటీ పెద్దలు పరిగెత్తుకొచ్చి "వాయించండి మాస్టారూ, ఏదో ఒకటి వాయించండి" అని ఆయన మీద పడ్డారు. ఆయన మొదలెట్టారు. మోహనలో మొదలెట్టి ఎక్కడెక్కడికో వెళ్ళారు, మధ్యలో ముందు వరసలో ఎవరో ఒక పద్యం అందుకుంటే దానికి శృతి కలిపి వాళ్ళ చేత పూర్తిగా పాడించారు, వన్స్ మోర్ కూడా కొట్టించారు. అరుస్తున్న కుర్రాళ్ళ వైపు చూసి జోరు పెంచుతారు, ముందు వరసలో పిల్లలు తల్లుల ఒళ్ళో వాలిపోతుంటే తగ్గించేస్తారు. చేతులు చూడరు, హార్మోనీ మెట్లు చూడరు, జనాన్నే చూస్తారు. కృష్ణుడు వచ్చి ముఖానికి నీలం పూసుకునేదాకా ఆ పాదాలు ఒక్కసారి కూడా ఆగలేదు, చివరికి లేవబోతే మోకాళ్ళు సహకరించక ఇద్దరు పట్టుకుని లేపారు. ఇంటికొచ్చాక పెద్దమ్మ కాళ్ళకి ఆముదం రాస్తూ తిడుతూనే ఉంది, డబ్బులు మాత్రం మామూలు రేటే ఇచ్చారని, ఆయన మాత్రం నవ్వుతూ పడుకున్నారు.

ఆయన ఇంట్లో ఒక్కరే వాయించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో ఆ పెట్టె మీద పాత పంచె కప్పి ఉండేది, ఎవరైనా పద్యం నేర్చుకోవడానికి వస్తేనే ఆ పంచె తీసేవారు.

తర్వాత ఎప్పుడో మూకీల సంగతులు చదువుతుంటే అర్థమైంది, పెదనాన్న చేసిందీ వుర్లిట్జర్ ఆర్గన్ ముందు కూర్చున్నవాళ్ళు చేసిందీ ఒకే పని అని. ఎదురుగా జరుగుతున్నదాన్ని చూస్తూ దాని వెంట పోవడం, రీలు తెగితే ఖాళీ నింపడం. మన దగ్గర మూకీలకి హార్మోనీ తబలా ఉండేవి. రఘుపతి వెంకయ్య గారు మేముండే ఈ చెన్నైలోనే మౌంట్ రోడ్ దగ్గర గెయిటీ సినిమా హాలు కట్టింది 1914లో, హోప్-జోన్స్ పోయింది కూడా 1914లోనే, ఈ రెండిటికీ సంబంధం లేదు గానీ ఆ రెండు సంవత్సరాలు ఒకటే కావడం నాకెందుకో గుర్తుండిపోయింది.

సరే, సాయంత్రం గొడవయ్యాక నేను ఊరుకోలేదు. అదిరేదేదో తెలుసుకుందామని పెడల్‌కి పదహారు అడుగుల టిబియా ఒక్కటే వేసి, చిన్నాడి డిక్షనరీ ఒక్కో పెడల్ మీద పెట్టుకుంటూ ఇల్లంతా తిరిగాను. అన్నిటికంటే కింది సి స్వరం మీద పెట్టాను, పెద్దగా ఏమీ లేదు. డి, ఈ, అంతంతమాత్రం. ఎఫ్ మీద పెట్టగానే పూజగది తలుపుకున్న చిన్న గంటలన్నీ ఒకేసారి మోగాయి, బెడ్‌రూమ్‌లో బీరువా మీద సూట్‌కేస్ హ్యాండిల్ టకటకమంటోంది, దాని మీద చెయ్యేస్తే ఆగుతుంది, తీస్తే మళ్ళీ మొదలు. గోడకి చెంప ఆనిస్తే పళ్ళలో తెలుస్తోంది. తిరిగొచ్చి గది మధ్యలో బెంచీ మీద కూర్చుంటే మాత్రం అదే ఎఫ్ నాకు మెత్తగా, మిగతా స్వరాల కంటే తక్కువగానే వినిపిస్తోంది.

టేప్ పెట్టి కొలిచాను, గది పొడవు పదమూడు అడుగులు. ఎఫ్ అంటే దాదాపు 44 హెర్ట్జ్, మన చెన్నై వేడి గాలిలో దాని అల పొడవు ఇరవయ్యారు అడుగులు, అంటే సరిగ్గా సగం అల ఈ గోడ నుంచి ఆ గోడకి పట్టేస్తుంది. అలా పట్టినప్పుడు గోడల దగ్గర దెబ్బ ఎక్కువ, మధ్యలో దాదాపు ఏమీ ఉండదు. నేను కూర్చునేది మధ్యలో. మామి గిన్నెలున్నది ఆ చివరి గోడ కింద. నిజం ఆర్గన్‌లో ఆ ఎఫ్ పైపు పైన మూత వేసి ఉంటుంది కాబట్టి ఆరడుగులే ఉంటుంది, నిలబడ్డ మనిషంత, అంత పైపు పలికితే ఇల్లు పలకడంలో ఆశ్చర్యం ఏముంది. అత్తయ్య గారికి మాత్రం ఆ గంటలు నచ్చాయి, ఆపకమ్మాయ్, ఇంకోసారి మోగించు అన్నారు. రెండుసార్లు మోగించాను ఆవిడ కోసం.

ఇదంతా టైప్ చేస్తుంటే మొదట ఉన్నంత పట్టుదల ఇప్పుడు లేదు. ఈ టపా మొదలెట్టేటప్పుడు రేపట్నుంచి అన్ని స్టాపులూ వేసి వాయిస్తాను, ఎవరేమంటారో చూస్తాను అనే ఉంది మనసులో. పెదనాన్న దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ముందు వరసలో పిల్లలు నిద్రపోతుంటే ఆయన తగ్గించారు కదా, జోరు తగ్గితే వెనక వరస వాళ్ళు గోల చేస్తారని తెలిసీ తగ్గించారు. మామి కూడా ఒక రకంగా ముందు వరసలోనే కూర్చున్నారు, టికెట్ కొనకుండానే, ఆవిడ ఇష్టంతో పని లేకుండానే. ఆవిడకి పాట చేరట్లేదు, టిబియా చేరట్లేదు, ట్రెములెంట్ చేరట్లేదు, కింది ఎఫ్ ఒక్కటి స్లాబ్ దాటి వెళ్తోంది. దాన్ని ఆవిడ మోటర్ అనుకోక ఏమనుకుంటారు.

పెదనాన్న పెట్టెలో బేస్ అనేదే లేదు కూడా, ఆయన కాళ్ళు గాలి కోసం మాత్రమే కదిలేవి. మరి నాకెందుకు పదహారు అడుగులు, ఎనిమిదితో సరిపెట్టుకోవచ్చు కదా అని ఒక నిమిషం అనిపించింది. కాదు. ఎడంకాలు కింద ఆ మెత్తటి బరువు లేకపోతే పైన టిబియా ఎంత తియ్యగా పాడినా గాల్లో వేలాడినట్టు ఉంటుంది, పెడల్ నేర్చుకోవడానికి నేను చాలా పాట్లు పడ్డాను, దాన్ని వదలను. హెడ్‌ఫోన్స్ కూడా ఒప్పుకోను, పాదాల కసరత్తుకి రాత్రిపూట తప్ప.

చెయ్యగలిగింది వేరే ఉంది. లాప్‌టాప్‌లో నా ఆర్గన్‌ని పలికించే గ్రాండ్‌ఆర్గ్‌లో ఒక్కో పైపు సౌండ్ విడిగా తగ్గించుకోవచ్చు, ఫ్రీ సాఫ్ట్‌వేరే అయినా ఆ సదుపాయం ఉంది. నిజం ఆర్గన్ హాల్లో బిగించాక కూడా మనిషిని పెట్టి ఒక్కో పైపునీ ఆ హాలుకి తగ్గట్టు సరిచేయిస్తారు, అది లేకుండా ఏ ఆర్గనూ పూర్తి కాదు. నేనూ ఇందాకే ఎఫ్‌నీ దాని పక్క రెండిటినీ తగ్గించి సేవ్ చేశాను, రేపు పగలు డిక్షనరీ పెట్టి మళ్ళీ చూడాలి. సబ్‌వూఫర్‌ని గోడ దగ్గర నుంచి ముందుకి లాగాలి, దాని కింద మందం రబ్బరు మ్యాట్ వెయ్యాలి, బీరువా మీద సూట్‌కేస్ మంచం కిందకి. రాత్రి ఎనిమిది దాటాక పదహారు అడుగుల స్టాప్ వెయ్యను, ఇది నేను పెట్టుకున్న రూలు, మెట్ల మీద ఎవరో పెట్టింది కాదు. ఈయనకి అది కూడా చెప్పాలి, కోపంగా కాదు గానీ చెప్పాలి, నా తరఫున సారీ చెప్పే ముందు నన్ను పిలవమని.

ఆదివారం అత్తయ్య గారికి ఇంకో మూకీ కామెడీ మాటిచ్చాను. పోయినసారి లాప్‌టాప్‌లో సౌండ్ తీసేసి బొమ్మ పెడితే, అందులో హీరో జారిపడినప్పుడల్లా నేను డ్రమ్ము కొట్టడం, ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వడం. ఈసారి నాలుగింటికి పెడదామనుకుంటున్నాను, స్పీకర్లలోనే. మామిని కూడా పిలుద్దామా అని ఒక ఆలోచన ఉంది, ఇంకా తేల్చుకోలేదు. పిలిస్తే మాత్రం కిందకి నేనే వెళ్తాను.