ఇంటర్న్‌షిప్ అంతా అఫిడవిట్లే

డిగ్రీ సెకండియర్ పరీక్షలయ్యాక ఇంటర్న్‌షిప్ చేయాలన్నారు. మా క్లాసులో చాలామంది ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ కోర్సు కానిచ్చేశారు. నేను నెల్లూరులో యానాది గిరిజన కుటుంబాల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. బియ్యం, దుప్పట్లు పంచే పని కాదని చేరిన రోజే చెప్పారు. పిల్లలకు బర్త్ సర్టిఫికెట్లు, ఆధార్ ఇప్పించాలి. జూన్ 12న బడులు తెరిచేలోగా.

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే కుటుంబాలు ఎక్కువ. పని ఎక్కడుంటే కాపురం అక్కడే. కొందరికి కాన్పు కూడా గట్టు మీది గుడిసెలోనే. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే పైసా ఖర్చుండదని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. బడిలో బిడ్డ ఆధార్ అడుగుతారు. ఆధార్ సెంటర్లో బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు. దానికోసం పోతే తల్లి ఆధార్ ఏదంటారు. ఆమెకూ లేకపోతే కథ మళ్లీ మొదటికి!

ఈ చిక్కు ఎటునుంచి విప్పాలో మా కోఆర్డినేటర్ అక్క నేర్పింది. ముందు పెద్దవాళ్ల ఆధార్. 18 దాటాక మొదటిసారి తీసుకునేవాళ్లకు అధికారుల విచారణ ఉంటుంది కాబట్టి అదే ఎక్కువ ఆలస్యం. ఏ పత్రమూ లేనివాళ్ల కోసం ఒక ఫారం ఉంది. ఫొటో అంటించి గెజిటెడ్ అధికారి లాంటి వాళ్ల చేత సంతకం, స్టాంపు వేయించాలి. అది మూడు నెలలే చెల్లుతుంది.

ఇక పిల్లల సంగతి. పుట్టి ఏడాది దాటితే గ్రామ సచివాలయంలో నేరుగా నమోదు చేయరు. రికార్డులో పేరు లేదని పత్రం తెచ్చి, అఫిడవిట్ రాయించి, ఆర్డీవో ఉత్తర్వు తెప్పించాలి. అఫిడవిట్‌లో పుట్టిన తేదీ రాయాలి కదా, అసలు తంటా అక్కడే.

"పెన్నకు వరదొచ్చి పడుగుపాడు కాడ రైలుకట్ట కొట్టుకుపోయినప్పుడు వీడు పాకతా ఉండాడు పాపా," అంది ఒకామె. అంటే 2021 నవంబర్. సంవత్సరం దాదాపు తేలింది, తేదీ మాత్రం తేలలేదు. ఏఎన్ఎం పాత టీకాల రిజిస్టరు తిరగేస్తే తల్లి పేరు తప్పుగా రాసి ఉన్నా, ఆరు వారాల టీకా వేసిన రోజు దొరికింది. తేదీ పక్కనే పుట్టిన రోజు కూడా పెన్సిల్‌తో రాసి ఉంది! నాకైతే ఆ రోజు ఏ పరీక్ష పాసైనప్పుడూ లేనంత సంతోషం.

ఆ తల్లి ఆధార్‌కి వెళ్తే వేలిముద్రలు పడలేదు. ఉప్పునీళ్లలో పీతలు పట్టే చేతులు, గీతలన్నీ అరిగిపోయాయి. ఆపరేటర్ తడిగుడ్డతో తుడిపించి, ఆరబెట్టించి, ఒక్కో వేలూ నొక్కి పట్టుకున్నాడు. కంటిపాప స్కాన్ మాత్రం వెంటనే పడింది. ఇంకో సెంటర్లోనైతే "సర్వర్ డౌన్, రేపు రాండి" అని తేలిగ్గా అనేశారు. రేపు రావడమంటే ఇంకో రోజు కూలి పోవడం. ఆ మాట అనేవాళ్లకు ఆ లెక్క పట్టదు.

కాలేజీకి మాత్రం బ్యానర్ పట్టుకుని దిగిన ఫొటోలు, లాగ్‌బుక్ కావాలి. ఇచ్చాను. బడులు తెరిచేసరికి కొందరు పిల్లలకు సర్టిఫికెట్లు వచ్చాయి, కొన్ని ఫైళ్లు ఇంకా ఆర్డీవో ఆఫీసులోనే ఉన్నాయి. ఏ ఫైలు ఏ టేబుల్ దగ్గర ఆగిందో, ఏ సంతకానికి గడువు ముగియబోతోందో పేరుపేరునా రాసి, నా తర్వాత వచ్చినవాళ్లకు అప్పజెప్పాను.