పాము పేరు పెట్టిన ఓడలు

మరిది పంపిన వీడియో ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది. బ్రిటిష్ నేవీ రెండు డిస్ట్రాయర్లకు, అంటే వేగంగా పోయే చిన్న యుద్ధనౌకలకు, వైపర్, కోబ్రా అని పాముల పేర్లు పెట్టిందట, 1901లో రెండూ పోయాయట, అంతా శాపమట! వెనక బుసకొట్టే మ్యూజిక్ ఒకటి. కింద "చూశారా వదినా, నేను చెప్తే నమ్మరుగా" అని మెసేజ్. ఒళ్ళు మండింది.

శాపమేమిటి నా మొహం! వైపర్ ఆగస్టు 3న విన్యాసాల్లో ఉండగా పొగమంచులో ఆల్డర్నీ దీవి దగ్గర రాళ్ళకెక్కింది. ఒక్క ప్రాణం పోలేదు. కోబ్రా సంగతి వేరు. సెప్టెంబరులో టైన్ నది నుంచి పోర్ట్స్‌మత్‌కు వెళ్తూ ఉత్తర సముద్రంలో రెండు ముక్కలైంది. 67 మంది పోయారు, చిన్న పడవలో 12 మంది బతికారు. అది దేనికీ తగల్లేదు, కట్టుబడే బలహీనం అని నేవీ కోర్టే తేల్చింది. ఇది చెప్పడానికి ఆ వీడియోవాడికి అర నిమిషం దొరకలేదు! స్పీడు గురించి మాత్రం ఊదరగొట్టాడు. పార్సన్స్ అనే ఇంజనీరు చేసిన టర్బైన్లు, అంటే ఆవిరి తోపుకు గిర్రున తిరిగే ఇంజన్లు, పెట్టిన తొలి డిస్ట్రాయర్ వైపర్, 36 నాట్లు దాటింది, అంటే గంటకు దాదాపు 67 కిలోమీటర్లు. ఆ రోజుల్లో అది అబ్బురమే, కాదనను.

కానీ టర్బైన్‌కు ఆవిరి కావాలి, ఆవిరికి బొగ్గు కావాలి, ఆ బొగ్గు పారతో ఎత్తిపోసేది మనిషే. తాతయ్య కాజీపేటలో బొగ్గింజను మీద ఫైర్‌మన్. సెగకు ఆయన కుడి ముంజేతి మీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు. డ్యూటీ దిగి రాగానే అమ్మమ్మ ఉప్పేసిన మజ్జిగ చెంబు అందించేది, అది ఖాళీ అయ్యేదాకా మాటుండేది కాదు. దొడ్లో స్నానం చేస్తే నీళ్ళు నల్లగా పారేవి. పని మొదలుపెట్టేముందు పారకు దండం పెట్టుకుంటారని తెలిసి మేం పిల్లలం నవ్వితే, "నవ్వండి, మంట ముందు నిలబడేది మీరు కాదుగా" అనేవారు.

ఇక్కడికొచ్చాక కోపం కాస్త దిగింది. పక్క మీద పడుకుని ఫోన్లో శాపాలు కొట్టిపారేయడం నాకు తేలికే. పల్చటి రేకు అవతల సముద్రం పెట్టుకుని బొగ్గు వేసేవాడు ఆ పేరు వద్దంటే ఏమంటాం? నేవీ కూడా తర్వాతి టర్బైన్ ఓడకు అనుకున్న పైథాన్ పేరు వదిలేసి వెలాక్స్ అని పెట్టింది.

ఆ వెలాక్స్ 1915 అక్టోబరులో సముద్రంలో పెట్టిన మందుపాతర (మైన్) తగిలి మునిగిపోయింది. మరి దానికి ఏ పాము కారణమో?