తాళాలగుత్తి

తొమ్మిది గంటల క్యాప్సూల్ వేసుకుని గంటన్నర దాటింది. కుట్ల దగ్గర మంట తగ్గింది, కళ్లు బరువెక్కాయి, అయినా నిద్ర పట్టడం లేదు. సాయంత్రం ఎంవీపీ కాలనీ మందుల షాపులో అబ్బాయి అన్న మాటే మెదులుతోంది.

"గాబాపెంటిన్ 300. ఫిట్స్ మందు కదండీ, ఎన్నాళ్ల నుంచి వస్తున్నాయి?" అని పదిమందికీ వినబడేలా అడిగాడు. నా వెనకే మా వీధి చివరింటావిడ, కూరల సంచితో. "నాకు ఫిట్స్ లేవు!" అని అరిచినంత పని చేశాను. తలలో గడ్డ తీసినప్పుడు చెవి వెనక కోసిన చోట నరాల నొప్పి అనీ, దువ్వెన పన్ను తగిలినా నడినెత్తి దాకా జివ్వుమంటుందనీ, బీచ్ రోడ్డు గాలికి చున్నీ కప్పుకోక తప్పదనీ అన్నీ ఏకరువు పెట్టాను. వాళ్లకెందుకు ఇవన్నీ? చీటీ చూసి మందు ఇస్తే సరిపోదా? ఇంటికొచ్చి, కాఫీ చల్లారిందని ఆయన మీద విసుక్కున్నాను.

అతను అన్నదాంట్లో అబద్ధమూ లేదు. 1993లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది మూర్ఛకే. రేగిన నరాలను శాంతింపజేస్తుంది కనుక నొప్పికీ వాడుతున్నారని డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు. పైగా, గ్యాస్‌కి తాగే గులాబీ రంగు మందు నా చేతిలో చూసి, "ఇది తాగాక రెండు గంటలు ఆగి క్యాప్సూల్ వేసుకోండి, లేకపోతే సరిగా ఒంటికి పట్టదు" అన్నదీ ఆ అబ్బాయే. ఇన్నాళ్లూ రెండూ కలిపే మింగుతున్నాను.

మరి నాకెందుకంత ఉలుకు?

అనకాపల్లిలో అత్త పెళ్లినాడు పిన్ని పందిట్లో పడిపోయింది. పక్కకు తిప్పి పడుకోబెట్టినవాళ్లు లేరు. బిగుసుకున్న వేళ్లు విడదీసి తాళాలగుత్తి కుక్కారు. అమ్మమ్మ వచ్చినవాళ్లందరితో "ఎండదెబ్బ" అంటోంది. తెలివి వచ్చాక పిన్ని అరచేతిలో తాళంచెవి పళ్లు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. నేను కొంగుతో తుడుస్తుంటే, నీళ్లు కూడా అడగకుండా, "ఎవరెవరు చూశారే?" అంది. ఆమె మాత్రలు మెంతుల డబ్బా వెనక ఉండేవి. అవి మాకు కనిపించనట్టే ఉండాలని అమ్మమ్మ ఆజ్ఞ.

నేను వెనక్కి తిరిగి చూసింది కూడా ఆ కూరల సంచి ఆవిడ ముఖమే.

పిన్నికి ఫోను చేయాలనిపిస్తోంది. పదకొండు కావస్తోంది, ఇప్పుడు మోగితే కంగారుపడుతుంది. రేపు ఉదయం, ఆయన నడకకు వెళ్లాక చేస్తాను.