ఎన్‌5 రాసేవారికి: పార్టికల్స్‌ను క్రియతో కలిపి నేర్చుకోండి

జేఎల్‌పీటీ (జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష)లో తొలి మెట్టైన ఎన్‌5కి సిద్ధమవుతున్న మిత్రులారా, పార్టికల్స్ ('ని', 'దె', 'ఒ' లాంటి చిన్న పదాలు) పట్టికను గోడకు అంటించి వల్లె వేయడం మానేయండి. పక్కన ఇంగ్లీషు అర్థాలు రాసుకుంటే మరీ చేటు. మనకు తెలుగే దగ్గరి దారి. జపనీస్‌లోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది, పార్టికల్ మన విభక్తిలాగే నామవాచకం వెనక చేరుతుంది. నాలుగు ముక్కలను వరుసలో పెట్టి, నక్షత్రం ఉన్న చోట ఏది వస్తుందో అడిగే ప్రశ్న అందుకే మనకు తేలిక.

గుంటూరు నుంచి విజయవాడకు కోచింగ్‌కు వెళ్తూ బస్సులోనే వాక్యాలు కట్టుకునేవాణ్ణి. 'గుంటూరు కర విజయవాడ మదె బసు దె ఇకిమస్.' నుంచి, వరకు, బస్సులో: ముక్కకు ముక్క సరిపోయింది. అయితే బస్సు ఎక్కితే 'బసు ని నొరిమస్', మంగళగిరిలో దిగితే 'మంగళగిరి దె బసు ఒ ఒరిమస్'. అదే బస్సు, మూడు పార్టికల్స్! ఏది రావాలో తేల్చేది క్రియే. కాబట్టి నోటు పుస్తకంలో ఒక్క 'నొరు' (ఎక్కు) అని కాక 'ని నొరు' అని జంటగా రాసుకోండి.

తెలుగు మోసం చేసే చోట్లూ ఉన్నాయి. మన 'లో' అక్కడ రెండుగా చీలుతుంది. గుంటూరులో ఉంటున్నాను అంటే 'గుంటూరు ని సుందె ఇమస్'. లైబ్రరీలో చదువుతాను అంటే 'తొషొకన్ దె బెంక్యో షిమస్'. నివాసానికి 'ని', పని జరిగే చోటుకు 'దె'. నెహ్రూ బస్ స్టేషన్‌లో స్నేహితుణ్ణి కలుస్తాను అన్నప్పుడు చేయి మన 'ను' లాంటి 'ఒ' వైపు పోతుంది, కానీ 'తొమొదచి ని ఐమస్' అనాలి. ఇష్టం, అర్థం కావడం విషయంలో మాత్రం తెలుగును కళ్ళు మూసుకుని నమ్మవచ్చు. 'నాకు జపనీస్ అర్థమవుతుంది' అన్నప్పుడు జపనీస్‌కు 'ను' చేర్చం కదా, అక్కడా 'ఒ' రాదు: 'నిహొంగొ గ వకరిమస్'.

క్రియల్లో 'తె' రూపానికే ఎక్కువ సమయం ఇవ్వండి. లేచి, తిని, వెళ్తాను అన్నట్టే 'ఒకితె, తబెతె, ఇకిమస్'. రూపం మారే తీరును బట్టి జపనీస్ క్రియలను గుంపులు చేస్తారు. చూడ్డానికి 'తబెరు' (తిను) లాంటి రెండో గుంపులా ఉండి మొదటి గుంపుకు చెందిన 'కఎరు' (తిరిగి వెళ్ళు), 'హైరు' (లోపలికి వెళ్ళు) లాంటివి విడిగా రాసుకోండి. వాటి రూపాలు 'కఎత్తె', 'హైత్తె'.

ఇక్కడ తెలుగు లిపిలో రాసింది చదువుకోవడానికి వీలుగానే. మీ సాధన జపనీస్ లిపి హిరగానాలోనే సాగాలి. 'హ' అక్షరం పార్టికల్‌గా వస్తే 'వ' అని పలకడం అప్పుడే అలవాటవుతుంది.

మొత్తం 180 మార్కులకు 80 వస్తే చాలు అనుకోకండి. భాషాజ్ఞానం, పఠనం కలిపిన 120లో 38, వినికిడి 60లో 19 విడివిడిగా రావాలి. వినికిడిలో ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. పిన్నిని 'ఒబసన్', అమ్మమ్మను 'ఒబాసన్' అంటారు. హ్రస్వదీర్ఘాలు చిన్నప్పుడే నేర్చిన చెవులకు ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. వినికిడిని చివరి వారానికి వదిలేయకుండా రోజూ కాసేపు వినండి.