డ్రైవర్ తలుపు కింద సైలెన్సర్

డిసెంబర్, శనివారం. సెమిలిగుడ, ఒడిశా కొండల్లో.

ఈ చలిలో ఆరింటికి లేవాలంటే ఎవరో ఒకరు దుప్పటి లాగాలి. ఇవాళ ఆ పని పిన్ని చేసింది. సాలూరులో వాళ్ళ ఆడపడుచు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పదింటికల్లా పీటల మీద కూర్చుంటారట, ఆవిణ్ణి బస్సులో పంపొద్దని అమ్మ ఆర్డరు. నాకూ సాలూరులో పని ఉంది. కొన్నాళ్ళుగా కారు కింద టిక్కు టిక్కుమని ఒక చప్పుడు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు వస్తుంది, వేడెక్కాక ఆగిపోతుంది. పొగగొట్టం జాయింట్ ఎక్కడో చీలితే ఇలాగే ఉంటుంది. వేడికి ఇనుము సాగి సందు మూసుకుంటుంది, చల్లారితే మళ్ళీ తెరుచుకుంటుంది.

నాది పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్, కంపెనీ లెక్క ప్రకారం 105 హార్స్‌పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. అందరి కార్లకీ వెనక బంపర్ కింద ఉండే గొట్టం నా కారుకి డ్రైవర్ తలుపు కింద ఉంటుంది. పాత సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లు పడినప్పుడు, అదే చోట కొత్తది పెట్టించి మళ్ళీ రాళ్ళకి కొట్టించుకోవడం ఎందుకని మధ్యలోనే కుడివైపు తిప్పించాను. పొగలో విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని ముట్టుకోలేదు. దాని తర్వాత ఒక చిన్న సైలెన్సర్, ఆ తర్వాత జానెడు పైపు, అంతే. ఊళ్ళో దీన్ని చూసినవాళ్ళు మొదట అడిగేది పవర్ ఎంత పెరిగిందని. పొగ ఎటు పోతుందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. రోజూ ఈ కారు నడిపేవాడికి మాత్రం ఆ రెండోదే అసలు ప్రశ్న.

పొద్దున షెడ్డులో కారు స్టార్ట్ చేసి వదిలెయ్యను. కుడివైపు గోడ, గోడకి అవతల మా వంటింటి కిటికీ. చల్లటి ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ సుమారు 250, 300 డిగ్రీల వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. అంటే మొదటి నిమిషంలో వచ్చే పొగే అన్నిటికంటే చెడ్డది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. ముక్కుని నమ్ముకుని కూర్చుంటే లాభం లేదు. తాళం తిప్పీ తిప్పగానే రోడ్డు మీదకి తెచ్చేస్తాను, పిన్ని అక్కడే ఎక్కాలి.

ఎక్కే ముందు ప్రసాదం గిన్నె నాకు అందించడానికని పిన్ని నా తలుపు దగ్గరకి వచ్చింది. గొట్టం ఒక్కసారి చీదింది. పట్టుచీర కుచ్చిళ్ళ అంచున, జరీ మీద, ఆవగింజలంత నల్లటి చుక్కలు.

“ఏట్రా ఇది, కారా కిరసనాయిలు పొయ్యా?”

అవి నీళ్ళే, మసి కలిసిన నీళ్ళు. ఒక లీటరు పెట్రోలు కాలితే దగ్గర దగ్గర లీటరు నీళ్ళు పుడతాయని చెబితే ఎవరూ నమ్మరు. వేడిగా ఉన్నప్పుడు ఆవిరై కనిపించకుండా పోతాయి. చలికాలం పొద్దున ఇనుముకి తగిలి చుక్కలు కడతాయి. పొడుగు పైపు ఉన్న కార్లలో అవి వెనక సైలెన్సర్ అడుగున చేరి లోపల్నుంచి దాన్ని తినేస్తాయి. రోజూ కూరల బజారు దాకా వెళ్ళొచ్చే కార్లకి సైలెన్సర్లు తొందరగా పోయేది అందుకే. నాది పొట్టి పైపు కాబట్టి అక్కడికక్కడే ఉమ్మేస్తుంది. ఇదంతా పిన్నికి చెప్పబోయాను. “ముందు తడిగుడ్డ తే” అంది.

పొట్టంగిలో టిఫిను. వేడి బరా, అంటే గారె, పైన ఘుగుని అనే బఠానీ కూర, పచ్చి ఉల్లిపాయ. పిన్ని కారు దిగలేదు, వ్రతం అయ్యేదాకా ఏమీ ముట్టదు. నేను తింటుంటే ఇద్దరు కుర్రాళ్ళు కారు పక్కన గొంతుక్కూర్చుని గొట్టంలోకి తొంగి చూస్తున్నారు. “గాడిరే కొణొ హెలా?” అని ఒకడు, బండికి ఏమైందని. ఏమీ కాలేదు, కావాలనే అలా పెట్టించానన్నాను. ఒకసారి రేజ్ చెయ్యమన్నారు. చేస్తే వాళ్ళ మొహాలు వాడిపోయాయి. తుపాకి పేలినట్టుంటుందని అనుకున్నారు పాపం.

టర్బో అంటే పొగ జోరుతో తిరిగి ఇంజనులోకి ఎక్కువ గాలి తోసే పంపు, అది ఉన్న బండిలో అంత మోత రాదు. సిలిండర్లలోంచి దెబ్బలు దెబ్బలుగా వచ్చే పొగ ముందు టర్బోలోని టర్బైన్ రెక్కల్ని తిప్పాలి. ఆ దెబ్బల్లో కొంత బలం అక్కడే ఖర్చవుతుంది. సైలెన్సర్ పీకేసిన బుల్లెట్ ఊరంతా లేపేది అలాంటి అడ్డం ఏదీ లేక. విశాఖలో పోలీసులు ఆ సైలెన్సర్లని రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించారు, నాకైతే మంచిపనే అనిపించింది. నా కారులో వినిపించేది వేరు. రెండువేల ఆర్పీఎం దగ్గర సన్నటి ఈల మొదలై, దాని కింద బొంగురుగా ఒక ఊపిరి. తలుపు కిందే గొట్టం కాబట్టి అది నా చెవికే వినిపిస్తుంది. నిజం చెప్పాలంటే, ఇన్ని తిప్పలు పడుతూ దాన్ని ఉంచుకున్నది ఆ ఈల కోసమే.

పవర్ సంగతి కూడా రాసి పెట్టుకుంటాను, మళ్ళీ మళ్ళీ చెప్పే ఓపిక లేదు. టర్బైన్‌కి కావాల్సింది ముందు ఒత్తిడి, వెనక ఖాళీ. వెనక ఎంత ఖాళీ ఉంటే అది అంత తొందరగా తిరుగుతుంది. టర్బో లేని ఇంజనుకి పైపు పొడవు, లావు లెక్క చూసి పెట్టాలి. టర్బో ఇంజనుకి టర్బైన్ తర్వాత అంత లెక్క లేదు, వీలైనంత వదులుగా పోనిస్తే చాలు. అయితే ఆ బిగింపు చాలావరకు టర్బోని ఆనుకుని ఉండే డౌన్‌పైప్‌లోనూ, క్యాటలిటిక్ కన్వర్టర్‌లోనూ ఉంటుంది. వాటిని ముట్టకుండా తోక కత్తిరిస్తే గుర్రాలు పుట్టవు. కాలు నొక్కిన వెంటనే కొంచెం ముందుగా లాగినట్టుంటుంది, అంతే. అసలు మా కొండల మీద టర్బో ఉండటమే పెద్ద లాభం. 900 మీటర్లకి అటూ ఇటూ ఎత్తు, గాలి పదో వంతు పలచన. మామూలు ఇంజను ఆ మేరకు నీరసపడుతుంది. టర్బో ఇంకాస్త జోరుగా తిరిగి ఆ లోటు పూడ్చుకుంటుంది.

సుంకి ఘాట్ దిగేటప్పుడు కారు అసలు మాట్లాడదు. కాలు తీసి దిగుతుంటే ఇంజనుకి పెట్రోలు అందదు, గొట్టంలోంచి ఉత్త గాలే. మలుపు తిరిగి కాస్త తొక్కాల్సి వచ్చిన చోట మాత్రం తేడా తెలుస్తుంది. కుడివైపు లోయ ఉంటే చప్పుడు అందులోకి పోతుంది. కుడివైపు కొండ ఉంటే రాతికి కొట్టుకుని నేరుగా నా కిటికీలోకి వస్తుంది. ఒక మలుపులో ఎదురుగా పైకెక్కుతున్న లారీలు ఇరుక్కుని ట్రాఫిక్ ఆగింది. గాలి వెనకనుంచి వస్తోంది. అద్దం కింద ఉన్న గాలి జాలీలోంచి లోపలికి వాసన మొదలైంది. బయటి గాలి రాకుండా ఏసీ రీసర్క్యులేషన్‌లో పెట్టి, అద్దాలెత్తి, చివరికి ఇంజను ఆపేశాను. పిన్ని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఒక్క మాటా అనలేదు. అంటేనే నయం.

సుంకి దగ్గర కానిస్టేబుల్ ఆపాడు. గొట్టం చూసి, సైలెన్సర్ ఏదన్నాడు. వంగి చూపించాను. మోటారు వాహనాల నిబంధనలు 1989లో 112వది ఏం చెబుతుందంటే, పొగ కిందికీ పోకూడదు, ఎడమవైపుకీ పోకూడదు, వెనక్కో కుడివైపుకో పోవాలి. 120వది సైలెన్సర్ ఉండి తీరాలంటుంది. ఎడమవైపు ఎందుకు కూడదో మనకి వేరే చెప్పక్కర్లేదు, మనుషులు నడిచేది, బస్సు కోసం నిలబడేది అటే కదా. కానీ మనది కుడిచేతి స్టీరింగు. చట్టం ఒప్పుకున్న పక్క, డ్రైవర్ కూర్చునే పక్క ఒకటే. విదేశాల్లో ఎడమ స్టీరింగు కార్లకి అవతలి పక్క ఫెండర్‌లోంచి, అంటే ముందు చక్రం పైన ఉండే రేకులోంచి, గొట్టం తీసుకుంటారు, పొగ డ్రైవర్‌కి దూరంగా పోతుంది. మన దగ్గర ఆ ముచ్చట తీర్చుకోవాలంటే పొగ మన ముక్కు కిందే.

కానిస్టేబుల్ పొల్యూషన్ సర్టిఫికెట్ చూసి పొమ్మన్నాడు. అంతమాత్రాన అంతా సరిగ్గా ఉన్నట్టు కాదు. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే గట్టిగా చెప్పింది. మోతకీ పొగకీ అదే చట్టంలో 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. ఇంకో రోజు ఇంకో ఆఫీసరు ఇంకోలా చూడొచ్చు. ఆ టెన్షన్ ఈ గొట్టంతో పాటే వచ్చింది.

పిన్నిని దింపి మేస్త్రి షెడ్డుకి వెళ్ళాను. సాలూరంటే లారీల ఊరు, సైలెన్సర్ పనికి ఇంతకంటే చెయ్యి తిరిగినవాళ్ళు చుట్టుపక్కల దొరకరు. మేస్త్రి కారుని గుంట మీదకి ఎక్కించాడు. తడి గోనెపట్టా గొట్టానికి అడ్డం పెట్టి ఇంజను నడపమన్నాడు. బుస్సుమని శబ్దం. ఫ్లెక్సీ, అంటే వంగే అల్లిక పైపు, చివర వెల్డింగ్ పక్కన, గోటితో గీసినంత పగులు. దాని ముందు మసి నక్క తోకలా పాకి ఉంది. ఇంజను అడ్డంగా కూర్చున్న కార్లలో కాలు నొక్కినప్పుడల్లా ఇంజను ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊపుని మింగడానికే మధ్యలో అల్లిక పైపు ముక్క పెడతారు. పొట్టి పైపు బాడీకి బిగిసి ఉంటే ఊపంతా ఒక్క అతుకు మీదే పడుతుంది.

బ్యాటరీ నెగెటివ్ తీసేదాకా వెల్డింగ్ టార్చ్ ముట్టనివ్వలేదు. “మా లారీలకి ఇవన్నీ ఉండవు బాబూ” అన్నాడు మేస్త్రి. కంప్యూటర్ కాలితే లారీ అంత ఖర్చు అన్నాను. నవ్వి తీశాడు. ఆర్గాన్ వెల్డింగ్ చేసి, పైపుని వేలాడదీసే హ్యాంగర్‌కి కొత్త రబ్బరు వేశాడు. తర్వాత గొట్టం మూతి దగ్గర చెయ్యి పెట్టి, తలుపు వైపు చూసి, మళ్ళీ గొట్టం వైపు చూశాడు.

“ఇక్కడ ఎవరు పెట్టమన్నారు? వెనక చక్రం ముందు దాకా లాగుతాను. పొగ నీ వెనక పడతది, చెవికీ హాయి.”

ఘాట్లో ఆ ఇరవై నిమిషాల తలనొప్పి ఇంకా తగ్గలేదు. సరే అన్నాను. మూతి కిందికి వంచుతానన్నాడు, అందంగా ఉంటుందని. అది మాత్రం వద్దన్నాను. నిబంధన ఒకటి, పైగా మట్టి రోడ్డు మీద ఆగినప్పుడు దుమ్మంతా లేపుతుంది. తిన్నగా కుడికి, బాడీ అంచుకంటే ఒక్క వేలెడు బయటికి ఉంటే చాలు. పెట్రోలు పైపుకి 35 మిల్లీమీటర్ల దూరం ఉండాలని ఇంకో నిబంధన. ఆయన రెండు వేళ్ళు పెట్టి చూసి “బోల్డంత ఉంది” అన్నాడు, నేను టేపు పెట్టి కొలుచుకున్నాను. టైరుకి సెగ తగలకుండా మధ్యలో అల్యూమినియం రేకు. గట్టిగా తొక్కినప్పుడు టర్బైన్‌లోకి పోయే పొగ 900 డిగ్రీలు దాటుతుంది. దారిలో ఎంత చల్లారినా, ఇంత పొట్టి పైపు మూతి దగ్గర మామూలు కార్లకంటే సెగ చాలా ఎక్కువ. మా పక్కింటి గడ్డివాము దగ్గర కారు ఆపనిది అందుకే.

వ్రతం భోజనం బ్రహ్మాండం. పులిహోరలో ఇంగువ కాస్త దిట్టంగా పడింది. పిన్ని అక్కడే ఉండిపోయింది. తిరుగు ప్రయాణం నీ కారులో వద్దని కాదు, పని ఉందని అంది. నమ్మాను.

పైకి వచ్చేటప్పుడు అద్దం దించి, కావాలనే ఒక లారీ వెనక మెల్లగా ఎక్కించాను. వచ్చిన పొగంతా లారీదే, నాది కాదు. టిక్కు టిక్కు పోయింది. లాగడంలో వెంట్రుక వాసి కూడా తేడా లేదు. ఈల మాత్రం భుజం వెనక్కి వెళ్ళిపోయింది. పొట్టంగి దాటాక ఒక ఎత్తులో బాగా తొక్కి చెవి రిక్కిస్తే, ఉందా లేదా అన్నట్టు వినిపించింది. దానికి బాధగానే ఉంది. మేస్త్రికి ఫోన్ చేసి మళ్ళీ ముందుకి జరపమనేంత బాధ మాత్రం కాదు.

రాత్రి జయపురం నుంచి స్నేహితుడి ఫోను. వాడూ టర్బో కారు కొన్నాడు, ముందు ఫెండర్ కోసి గొట్టం బయటికి తీయిస్తాడట, ఎడమవైపు. ఎడమవైపు ఎందుకురా అంటే, బస్టాండు దగ్గర ఆపితే జనానికి బాగా కనిపిస్తుందట. ఆ జనంలో మీ అమ్మ కూడా నిలబడుతుంది గదరా అన్నాను. కాసేపు అటునుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. తర్వాత, రేపు వచ్చి నీ కారు కింద చూస్తాను అన్నాడు. వచ్చేటప్పుడు వాళ్ళ నాన్నగారి లారీ జాకీ తెమ్మన్నాను. నా కారుతో వచ్చిన జాకీని నమ్ముకుని దాని కింద దూరే ధైర్యం నాకు లేదు.