సింగపూర్‌లో నాలుగు రాత్రులు: ప్లేటు 6 డాలర్లు, గ్లాసు 19

సింగపూర్‌లో తిండి ఖరీదని చాలామంది భయపెడతారు. ఈసారి నాలుగు రాత్రులు తిరిగి పైసాతో సహా రాసుకున్నాను. తిండికి అయింది తక్కువే. డబ్బంతా గ్లాసు దగ్గర పోయింది, మిగిలింది అర్ధరాత్రి టాక్సీకి. కొత్తగా ఉద్యోగానికి వచ్చే మనవాళ్లకి పనికొస్తుందని ఆ లెక్క ఇక్కడ పెడుతున్నాను. డాలరు అన్నచోటల్లా సింగపూర్ డాలరే.

ఆదా చాంగీ విమానాశ్రయంలోనే మొదలవుతుంది. 18 ఏళ్లు నిండి, 48 గంటలు దేశం బయట ఉండి, మలేసియా నుంచి కాకుండా వస్తుంటే 2 లీటర్ల మందు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అందులో విస్కీ, రమ్ము లాంటివి ఒక్క లీటరే, మిగతాది వైనో బీరో. సింగపూర్‌లో ఉద్యోగం చేసేవాళ్లకీ ఇదే నియమం. ఊళ్లో సీసా ఎందుకంత ధరో తెలియాలంటే సుంకం చూడాలి: స్పిరిట్లకి, వైన్‌కి లీటరు స్వచ్ఛమైన ఆల్కహాల్‌కి 88 డాలర్లు. అంటే 40 శాతం ఘాటున్న లీటరు విస్కీ మీద సుంకమే 35.20. ఇక సిగరెట్లకి ఒక్కదానికీ మినహాయింపు లేదు. ఈ-సిగరెట్లయితే పూర్తిగా నిషేధం, జేబులో కూడా ఉండకూడదు.

మొదటి రాత్రి లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్. ఇదొక హాకర్ సెంటర్, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండేది. బిర్యానీ 6 నుంచి 8 డాలర్లు, సాదా పరాటా (అక్కడ ప్రాటా అంటారు) ఒకటిన్నర అటూ ఇటూ. వేరే హాకర్ సెంటర్లలో చికెన్ రైస్ 4 నుంచి 6. బోర్డు మీద ఎంతుంటే అంతే, సర్వీస్ చార్జీ ఉండదు. ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ ప్యాకెట్టు కనిపిస్తే అది ఎవరో మర్చిపోయింది కాదు, మనం బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టు. దాన్ని ‘చోప్’ అంటారు, ఆ బల్ల వదిలేయాలి. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి. 2021 సెప్టెంబరు నుంచి దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు, హెచ్చరించినా వినకపోతే జరిమానా.

కాఫీ అడగడం నేర్చుకుంటే రోజూ ఖర్చు తగ్గుతుంది, ఎందుకంటే ఏసీ కెఫేలో ఒక లాటేకి పెట్టే డబ్బుకి హాకర్ కాఫీలు మూడు నాలుగు వస్తాయి. ‘కోపి’ అంటే మిల్క్‌మెయిడ్ లాంటి తియ్యటి చిక్కటి పాలతో. ‘కోపి ఓ’ పాలు లేకుండా, చక్కెరతో. ‘కోపి సి’ తీపి లేని చిక్కటి పాలు, విడిగా చక్కెర. చివర ‘కోసోంగ్’ చేరిస్తే చక్కెర వద్దని, ‘సియూ దై’ అంటే తగ్గించమని, ‘పెంగ్’ అంటే ఐసుతో. మన ఫిల్టర్ కాఫీ నాలుకకి దగ్గరగా అనిపించేది ‘కోపి సి సియూ దై’. పెద్దవాళ్లని అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు, మనకి అలవాటైన మాటే.

రెండో రాత్రి నది ఒడ్డున క్లార్క్ కీ. ఇక్కడే లెక్క తారుమారయ్యేది. మెనూలో పైంటు (పెద్ద గ్లాసు) బీరు 16 అని ఉండి పక్కన రెండు ప్లస్ గుర్తులుంటాయి. మొదటి ప్లస్ 10 శాతం సర్వీస్ చార్జీ. రెండోది 9 శాతం జీఎస్టీ, 2024 జనవరి నుంచి ఇదే రేటు. రెండూ కలిపి 19 శాతం అనుకోకండి, పన్ను సర్వీస్ చార్జీ మీద కూడా పడుతుంది. 16 ముందు 17.60 అవుతుంది, దాని మీద 9 శాతం వేస్తే 19.18. టిప్పు వేరే ఇవ్వక్కర్లేదు. చాలా బార్లలో రాత్రి 8 వరకు హ్యాపీ అవర్ (మందు తక్కువ ధరకి ఇచ్చే వేళ), ఒకటి కొంటే ఒకటి ఇచ్చేవీ ఉంటాయి. కాబట్టి తాగడం ముందు, భోజనం తర్వాత పెట్టుకోవడం మేలు. బుధవారం చాలాచోట్ల ఆడవాళ్లకి రాయితీలుంటాయి. బీరొక్కటే కావాలంటే హాకర్ సెంటర్‌లో పెద్ద సీసా 8, 9 డాలర్లకే దొరుకుతుంది, ఇద్దరికి సరిపోతుంది.

చిల్లీ క్రాబ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మెనూలో ధర ఉండదు, ‘సీజనల్ ప్రైస్’ అని మాత్రమే ఉంటుంది. కిలో ధర ఎంత, మనకిచ్చే పీత బరువెంత, రెండూ వండకముందే అడగాలి. కిలో 100 డాలర్లనుకుంటే, కిలోంపావు కంటే కాస్త తగ్గి 1.2 కిలోల పీతకి రెండు ప్లస్సులూ కలిపి బిల్లు 143.88. బల్ల మీద అడక్కుండా పెట్టిన వేరుశెనగలకి, తడి టిష్యూలకి కూడా డబ్బు పడుతుంది. వద్దనుకుంటే ముట్టుకోకముందే వెనక్కి ఇచ్చేయాలి, తప్పుగా అనుకోరు.

రాత్రి 10:30 నుంచి ఉదయం 7 వరకు దుకాణాల్లో మందు అమ్మరు, బహిరంగ స్థలాల్లో తాగకూడదు. 2015 ఏప్రిల్ నుంచి ఇదే చట్టం. లిటిల్ ఇండియాలో ఇంకా కట్టుదిట్టం: 2013 డిసెంబరు అల్లర్ల తర్వాత, శనివారం ఉదయం 7 నుంచి సోమవారం ఉదయం 7 దాకా వీధిలో తాగడం నిషేధం. ఆదివారం మనవాళ్లు గుంపుగా చేరేది అక్కడే కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి.

చివరి మెట్రో అర్ధరాత్రి దగ్గర్లో వెళ్లిపోతుంది. 12 నుంచి 6 వరకు టాక్సీ మీటరు మీద 50 శాతం అదనం, 20 అయ్యేది 30 అవుతుంది. 11:30కి లేస్తే ఆ అదనం ఉండదు, అసలు మెట్రోనే అందుకోవచ్చు.

అక్కడి నుంచి బ్యాంకాక్‌లో రెండు రాత్రులు. వీధిలో ప్లేటు 50 నుంచి 70 బాట్లు (థాయ్ డబ్బు), టాక్సీ మీటరు 35 దగ్గర మొదలు. మీటరు వేయనంటే దిగిపోయి వేరేది చూసుకోవడమే. రూఫ్‌టాప్ బార్లలో మాత్రం ఇక్కడా ప్లస్సులే: 10 శాతం సర్వీస్, 7 శాతం వ్యాట్. 500 బాట్ల కాక్‌టెయిల్ 588.50 అవుతుంది. అసోక్ స్టేషన్ పక్క టెర్మినల్ 21 మాల్ ఫుడ్ కోర్టులో ఏసీలో కూర్చుని కూడా దాదాపు వీధి ధరకే తినొచ్చు. కౌంటర్లో డబ్బు కట్టి కార్డు తీసుకోవాలి. ఒకరికి 200 బాట్లు వేయించుకుంటే చాలు. మిగిలింది వెళ్లేముందు కౌంటర్లో తిరిగి ఇస్తారు, కార్డు జేబులో పెట్టుకుని బయటికి రాకండి.